యూత్ గ్రూప్ వెబ్‌సైట్‌కి రెడీమేడ్ సేఫ్టీ ప్యాకేజీ: ఏడాది వాడాక నా రివ్యూ

పదకొండు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలున్న ఒక యూత్ గ్రూప్‌కి నేను వాలంటీర్‌ని. వెబ్‌సైట్ పని నా మీద పడి నాలుగేళ్లయింది. పోయినేడాది పాత సైట్ మూసేసి, ఇలాంటి గ్రూపుల కోసమే తయారు చేశామని చెప్పే ఒక సర్వీసుకి మారాం. సైటు, ఫొటో గ్యాలరీ, క్యాలెండర్, పిల్లలకీ తల్లిదండ్రులకీ లాగిన్లు, లోపలే మెసేజీలు ఇస్తారు. వీటితో పాటు ‘ఆన్‌లైన్ సేఫ్టీ పాలసీ ప్యాక్’ అని ఒక డాక్యుమెంట్ల సెట్టు కూడా ఇస్తారు. మేం దీన్ని ఎంచుకున్నదే ఆ ప్యాక్ చూసి. మా పాత సైట్‌లో సేఫ్టీ పాలసీ అంటే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నాలుగు లైన్లు, అవి ఎవరు రాశారో ఎప్పుడు రాశారో కూడా ఎవరికీ తెలియదు.

సర్వీసు పేరు రాయట్లేదు. నేను చెప్పే లోపాల్లో కొన్ని వాళ్లు ఈపాటికే సరిచేశారు, కొన్నిటి మీద ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. మీరు ఇలాంటి ప్యాకేజీ ఏది తీసుకోవాలనుకున్నా చూసుకోవాల్సింది ఇవే కాబట్టి పేరు లేకపోయినా పనికొస్తుందని రాస్తున్నా. స్టార్లయితే ఐదుకి మూడు. విడదీసి చెప్పమంటే పాలసీ కాగితానికి నాలుగున్నర, సైటుకి రెండు, సపోర్ట్ టీమ్‌కి మూడున్నర.

కాగితానికీ సైటుకీ మధ్య ఇంత తేడా ఎందుకంటే, పాలసీలో రాసింది సైటు చేయట్లేదు. ఏడాది పొడవునా మేం చేసిన పని ఒకటే: పాలసీలో ఒక్కో లైను చదవడం, ఆ లైను సైట్‌లో నిజంగా పనిచేస్తోందా లేదా అని మా చేతులతో పరీక్షించడం. పదింటిలో ఆరేడు చోట్ల మొదటిసారి ఫెయిలైంది.

ముందు కాగితం సంగతి. చాలా బాగా రాశారు. పేరు రాయాల్సి వస్తే పిల్లల మొదటి పేరే, ఇంటిపేరు వద్దు. ముఖం కనిపించే ఫొటో ఉన్నచోట ఆ పేరు కూడా వద్దు. స్కూలు, తరగతి, ఇల్లు, ఫోన్, ఈమెయిల్ ఎక్కడా కనపడకూడదు. గ్రూప్ ఎక్కడ కలుస్తుందో, ఎన్నింటికి వదులుతారో పబ్లిక్ పేజీలో ఉండకూడదు. ఇవి కొత్తగా కనిపెట్టిన రూల్స్ కావు, ఇలాంటివే పెద్ద యువజన సంస్థల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ వాళ్లయితే ఇంటర్నెట్ సేఫ్టీ ప్రతిజ్ఞ అని ఒకటి తయారు చేసి పిల్లల చేత చదివించి సంతకం పెట్టిస్తారు. ఈ ప్యాక్‌లో నాకు నచ్చింది ఏంటంటే ప్రతి రూల్ కింద కారణం రాశారు. ఫొటో పక్కన పేరు ఎందుకు వద్దంటే, ముక్కూ మొహం తెలియని మనిషి గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిస్తే పిల్లలు ‘నన్ను తెలిసినవాళ్లే’ అనుకుంటారు కాబట్టి. మీటింగ్ చోటు ఎందుకు దాచాలంటే, అమ్మానాన్నల్లో ఒకరి దగ్గరికి పిల్లని వెళ్లనివ్వకూడదని కోర్టు ఆర్డర్ ఉన్న ఇళ్లు ఉంటాయి, అలాంటి పిల్ల ఎక్కడుందో మన సైట్ చూసి తెలిసిపోకూడదు కాబట్టి. ఈ రెండో కారణం చదివాక మా కమిటీలో వాదనలు ఆగిపోయాయి. అప్పటిదాకా ‘మన పిల్లల ఫొటోలు మనం పెట్టుకుంటే తప్పేంటి’ అన్నవాళ్లే వెళ్లి పాత ఫొటోలు తీసేయడం మొదలుపెట్టారు.

కాగితంలో బలహీనంగా ఉన్న ఒక భాగం చట్టాల పేజీ. అర మార్కు తగ్గించడానికి అదొక కారణం. ‘13 ఏళ్లు నిండినవారు సొంతంగా అకౌంట్ తెరవవచ్చు’ అని ఒక లైనుంది. ఈ 13 ఎక్కడిదంటే అమెరికాలో 1998లో చేసిన కోపా (COPPA) చట్టం నుంచి వచ్చింది, అది 2000లో అమల్లోకొచ్చింది. పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని చెప్తుంది. 2013లో సవరించినప్పుడు పిల్లల ఫొటో, వీడియో, గొంతు కూడా వ్యక్తిగత వివరాల కిందికే వస్తాయని చేర్చారు. మంచి చట్టమే. కానీ అది ప్రధానంగా వ్యాపార సైట్ల కోసం, లాభాపేక్ష లేని సంస్థలకి చాలావరకు వర్తించదు. పైగా ఒక్కో దేశంలో ఒక్కో వయసు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 16, కావాలంటే సభ్యదేశాలు 13 దాకా తగ్గించుకోవచ్చు. భారత్‌లో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, అది నిజంగా వాళ్లే ఇచ్చారని నిర్ధారించుకోవాలి. మరి ఏ దేశంలో ఉన్న గ్రూప్‌కైనా అదే 13 రాసి ఇచ్చేస్తే ఎలా? టెంప్లేట్‌లో ఆ చోట ఖాళీ వదిలి ‘మీ దేశం చట్టం చూసుకుని నింపండి’ అని రాస్తే సరిపోయేది. మేం 18 అని రాసుకున్నాం, దాంతో ఎక్కడి చట్టంతోనూ పేచీ రాదు.

అదే లైను సైట్‌లో ఎలా ఉందో చూడండి. అకౌంట్ తెరిచే పేజీలో ‘నాకు 13 ఏళ్లు నిండాయి’ అని ఒక బాక్సు, అందులో ముందే టిక్కు పెట్టి ఉంది. పదకొండేళ్ల పిల్లాడు దాన్ని తీసేసి ‘నిండలేదు’ అని చెప్తాడా? వయసు అడిగితే సూటిగా పుట్టిన తేదీ అడగాలి, ఏ జవాబిస్తే లోపలికి వెళ్లొచ్చో ముందే తెలిసిపోయేలా అడగకూడదు. ఇది కోపాని అమలు చేసే సంస్థ తన సూచనల్లో ఎప్పుడో చెప్పింది. సపోర్ట్‌కి రాస్తే రెండో రోజే టిక్కు తీసేశారు. అంతకంటే మంచి దారి కూడా చూపించారు: పిల్లలు సొంతంగా అకౌంట్ తెరవడం పూర్తిగా ఆపేసి, ముందు అమ్మో నాన్నో తెరిచి, వాళ్ల కింద పిల్లల్ని చేర్చే పద్ధతి. ఆ సదుపాయం వాళ్ల దగ్గర ముందు నుంచీ ఉందట, డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ మార్చకముందు ఉండే సెట్టింగ్‌లో, ఆపి పెట్టారు. ఈ ‘డిఫాల్ట్’ అన్న మాట ఈ రివ్యూలో ఇంకా చాలాసార్లు వస్తుంది.

ఇప్పుడు ఫొటోల గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, అందుకని కొంచెం వివరంగా చెప్తా.

మా గ్రూప్‌లో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకరోజు వచ్చి, ‘అక్కా, క్యాంప్ ఫొటోల్లో నాది ఒకటుంది, తీసేస్తారా?’ అని అడిగింది. పది నిమిషాల్లో తీసేశా. తనకి చెప్పా, థ్యాంక్స్ అంది, అయిపోయిందనుకున్నా. రెండు రోజులకి నాకు ఒక లింకు పంపింది, కింద ఏమీ రాయలేదు. తెరిస్తే అదే ఫొటో. గ్యాలరీలో లేదు, కానీ ఫొటో సొంత లింకు మాత్రం తెరుచుకుంటోంది. నేను లాగౌట్ చేసి, వేరే ఫోన్‌లో, వేరే బ్రౌజర్‌లో కూడా తెరిచా. వచ్చింది. అంటే మేం ‘మెంబర్లకు మాత్రమే’ అని పెట్టుకున్న గ్యాలరీలో తాళం వేసింది పేజీకి మాత్రమే, లోపలున్న ఫొటోలకి కాదు. లింకు తెలిస్తే చాలు, ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. అంతేకాదు, ఒక ఫొటో ఎక్కిస్తే సైటు తనంతట తాను చిన్నవీ పెద్దవీ నాలుగైదు సైజుల్లో కాపీలు చేసుకుంటుంది, మనం డిలీట్ కొట్టినప్పుడు పేజీలోంచి పోతుంది గానీ ఆ కాపీలు సర్వర్‌లో అలాగే ఉంటాయి. ఆ అమ్మాయికి నేను ‘తీసేశా’ అని చెప్పిన మాట అబద్ధమైంది. నాకు తెలియకుండా చెప్పానన్నది తనకి ఎందుకు? తన ఫొటో ఇంకా అక్కడే ఉంది, తనకి కావాల్సింది అది పోవడం.

సపోర్ట్‌కి టికెట్ (ఫిర్యాదు) పెట్టిన తొమ్మిదో రోజుకి ఆ ఫొటో అన్ని సైజులూ పూర్తిగా పోయాయి. తొమ్మిది రోజులు! పాలసీ కాగితంలో ‘48 గంటల్లో తొలగిస్తాం’ అని ఉంది.

ఆ తొమ్మిది రోజుల్లో నేను నేర్చుకున్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఫొటో ఒకచోట ఉండదు. సైట్ పేజీలో, సర్వర్‌లో మిగిలిన కాపీల్లో, బ్యాకప్‌లో, సెర్చ్ ఫలితాల్లో, పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ లాంటి వెబ్ ఆర్కైవ్‌లో, మేం పంపిన న్యూస్‌లెటర్ పీడీఎఫ్‌లో, వాలంటీర్ల ఫోన్లలో. గూగుల్ సెర్చ్ విషయంలో ఒక మంచి దారి ఉంది, చాలామంది తల్లిదండ్రులకి తెలియదు: 18 ఏళ్ల లోపు పిల్లల ఫొటోని సెర్చ్ ఫలితాల్లోంచి తీసేయమని ఆ పిల్లలు గానీ తల్లిదండ్రులు గానీ అడగొచ్చు, 2021 నుంచి ఈ వీలు ఇస్తున్నారు. అయితే అది సెర్చ్‌లో కనపడకుండా చేస్తుంది అంతే, అసలు సైట్‌లోంచి తీయాల్సింది సైట్ వాళ్లే. వెబ్ ఆర్కైవ్‌కి కూడా సైట్ యజమానిగా రాసి తొలగించమని అడగొచ్చు. మేం ఇప్పుడు ఒక చిన్న లిస్టు పెట్టుకున్నాం, ఎవరైనా ఫొటో తీసేయమంటే ఆ ఏడు చోట్లా చూసి, ఒక్కోటి అయ్యాక టిక్కు పెట్టి, అన్నీ అయ్యాకే ‘అయిపోయింది’ అని చెప్తాం. మధ్యలో అడిగితే ఎంతవరకు వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్తాం.

ప్యాక్‌లో ఫొటో తొలగింపు ఫారం కూడా ఉంది. అందులో ‘కారణం’ అని ఒక గడి, అది నింపకపోతే ఫారం ముందుకి పోదు. మేం ఆ గడిని తీసేయించాం. ఒక పిల్ల తన ఫొటో వద్దంటోందంటే స్కూల్లో ఎవరో ఏడిపిస్తుండొచ్చు, ఇంట్లో ఏదో జరిగి ఉండొచ్చు, లేదా ఆ ఫొటోలో తను తనకి నచ్చకపోవచ్చు. మూడింటికీ మనం చేయాల్సిన పని ఒకటే. కారణం చెప్పాల్సి వస్తుందంటే సగం మంది అసలు అడగరు.

అనుమతి ఫారంలో కూడా ఇలాంటి లోటే. ‘అన్ని రకాల ఫొటోలూ వీడియోలూ అన్ని అవసరాలకూ వాడుకోవచ్చు’ అని ఒకే టిక్కు, కింద తల్లిదండ్రుల సంతకం. మేం దాన్ని విడగొట్టాం: లాగిన్ లోపల, బయటి పేజీలో, సోషల్ మీడియాలో, అచ్చులో, ఒక్కోదానికి వేరే అవును, వేరే కాదు. ఇంకా పిల్లల కోసం విడిగా ఒక లైను పెట్టాం. ఇంట్లోవాళ్లు సరేనన్నా పిల్ల వద్దంటే వద్దే. పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందమే చెప్తోంది, అది ఇంటర్నెట్‌కి కూడా వర్తిస్తుందని 2021లో ఆ ఒప్పందం అమలుని చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ విడిగా ఒక పెద్ద డాక్యుమెంటే ఇచ్చింది. సంతకం చోట పిల్లలకి ఒక గీత ఇవ్వడానికి మనకి ఏం కష్టం?

ఫొటోల్లో ఇంకొక సంగతి. ఫోన్‌తో తీసిన ఫొటోలో, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్ లోపల ఉంటుంది. పెద్ద సోషల్ మీడియా సైట్లు ఎక్కించేటప్పుడే దాన్ని చాలావరకు తీసేస్తాయి, కానీ మామూలు వెబ్‌సైట్లు అన్నీ తీసేయవు. ‘ఫొటోల్లోని లొకేషన్ సమాచారం తొలగించబడుతుంది’ అని పాలసీ కాగితంలో స్పష్టంగా ఉంది. నేను మా ఇంట్లో ఒక కుర్చీ ఫొటో తీసి ఎక్కించి, మళ్లీ డౌన్‌లోడ్ చేసి వివరాలు చూశా. మా ఇంటి లొకేషన్ అలాగే ఉంది. రెండు నిమిషాల పరీక్ష ఇది, ఎవరైనా చేయొచ్చు, మీ సైట్‌లో ఈరోజే చేసి చూడండి. సపోర్ట్‌కి చెప్తే మూడు వారాల్లో సరిచేశారు, ఇప్పుడు కొత్తగా ఎక్కించేవాటిలో నిజంగానే పోతోంది. పాతవాటికి మాత్రం వర్తించలేదు, మేం ముగ్గురం కూర్చుని ఆరు వందల పైచిలుకు ఫొటోలు దించి మళ్లీ ఎక్కించాం. ఆ పనిలోనే ఇంకోటి బయటపడింది: వాలంటీర్లు ఫైల్ పేర్లలో పిల్లల పూర్తి పేర్లు రాసి దాచుకున్నారు, సైట్ ఆ పేర్లనే లింకులో చూపిస్తోంది. పేజీలో ఎక్కడా పేరు లేకపోయినా లింకులో ఉంది. కొన్ని ఫొటోల్లో మెడలో వేసుకున్న నేమ్ ట్యాగ్ పెద్దది చేస్తే చదవొచ్చు. ఇప్పుడు క్యాంప్‌లో గ్రూప్ ఫొటో తీసే ముందు ట్యాగులు తీసి జేబులో పెట్టుకోమంటున్నాం.

మెసేజీల దగ్గర కాగితం అద్భుతం, సైటు చాలా నిరాశపరిచింది. కాగితంలో ఏముందంటే, పెద్దవాళ్లెవరూ ఒక పిల్లతో ఒంటరిగా మెసేజ్ చేయకూడదు, ఎప్పుడూ ఇంకో పెద్దమనిషి లేదా ఇంట్లోవాళ్లు ఆ సంభాషణలో ఉండాలి. ఇప్పుడు స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకున్న బాయ్ స్కౌట్స్‌లో ఈ నియమం చాలా గట్టిది, ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒంటరిగా ఉండకూడదన్న రూల్‌ని ఫోన్లకీ ఆన్‌లైన్‌కీ కూడా వర్తింపజేశారు. ఇది పిల్లలకి రక్షణ, నిజాయితీగా పనిచేసే వాలంటీర్లకి కూడా రక్షణ. మరి సైట్‌లో? ఎవరు ఎవరికైనా ప్రైవేట్ మెసేజ్ పంపొచ్చు, డిఫాల్ట్‌గా. ఆపేసే సెట్టింగ్ వెతికి ఆపేశాం. బ్రౌజర్‌లో బటన్ మాయమైంది, వాళ్ల ఫోన్ యాప్‌లో మాత్రం అలాగే ఉంది. నెలన్నర తర్వాత ఒక తల్లి చెప్తే గానీ మాకు తెలియలేదు. ఆ నెలన్నరలో ఏమీ జరగలేదు, మేం అన్నీ చూసుకున్నాం. కానీ అప్పుడు నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదని ఇది రాస్తున్నా.

దీని మీద మేం గట్టిగా పట్టుబట్టాం. రెండు నెలలకి వాళ్లు తెచ్చిన మార్పు మాత్రం నిజంగా మంచిది: పెద్దవాళ్లు పిల్లకి ఏం పంపినా ఇంట్లోవాళ్లకీ ఇంకో లీడర్‌కీ తనంతట తానే కాపీ వెళ్తుంది, దాన్ని ఆపే బటన్ లేదు. ‘శనివారం షూస్ వేసుకుని రా’ అన్న మెసేజ్ కూడా ముగ్గురికి పోతుంది. మొదట్లో కొందరికి విసుగనిపించింది, ఇప్పుడు అలవాటైపోయింది. ఇంకా మిగిలిన సమస్య, పంపిన మెసేజ్‌ని పంపినవాళ్లు జాడ లేకుండా డిలీట్ చేయగలుగుతున్నారు. ఎప్పుడు ఏది తీసేశారో రికార్డు ఉండాలని అడిగాం, ‘పరిశీలిస్తున్నాం’ అన్నారు. ప్యాక్‌లో లేని రెండు లైన్లు మేం సొంతంగా రాసుకున్నాం: పిల్లలతో మాటలన్నీ సైట్ లోపలే, సొంత సోషల్ మీడియా అకౌంట్లలో వద్దు. కొంతసేపటికి తనంతట తానే మాయమయ్యే మెసేజీలు ఎక్కడా ఎప్పుడూ వద్దు.

క్యాలెండర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, సులువుగానే సర్దుకుంది. జరగబోయేవి లాగిన్ లోపల, జరిగిపోయినవి బయట. ఫోన్‌లో క్యాలెండర్ జోడించుకునే లింకు ఉంటుంది కదా, అది ఎవరి చేతికి చిక్కినా తెరుచుకుంటుంది కాబట్టి ఏడాదికోసారి మారుస్తున్నాం. వీడియోలు పెట్టేటప్పుడు యూట్యూబ్‌లో ప్రైవసీ ఎక్కువుండే ఎంబెడ్ (వీడియోని మన పేజీలోనే చూపించే) పద్ధతి ఉంది, అది వాడండి.

లాగిన్ల దగ్గర సర్వీసుకి పూర్తి మార్కులిస్తా. పాత సైట్‌లో ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ తొమ్మిది మంది దగ్గర ఉండేది, అందులో ముగ్గురు గ్రూప్ వదిలి ఏళ్లయింది. ఇక్కడ ఎవరి లాగిన్ వాళ్లదే, ఎవరు ఏం చూడొచ్చో విడివిడిగా పెట్టొచ్చు, అడ్మిన్లకి ఓటీపీ తప్పనిసరి, మూడు నెలలకోసారి ‘వీళ్లందరూ ఇంకా మీతోనే ఉన్నారా?’ అని లిస్టు పంపి అడుగుతారు. ఆ లిస్టు వల్లే ఒకసారి మేం మరిచిపోయిన పేరు దొరికింది.

ఏదైనా జరిగితే ఏం చేయాలి అన్న భాగం మాత్రం కాగితంలో కూడా నీరసంగా ఉంది. ‘అడ్మిన్‌కు తెలియజేయండి’ అని ఒక్క లైను. ఇబ్బంది పెడుతున్నది ఆ అడ్మినే అయితే? సైట్‌లో రిపోర్ట్ బటన్ ఉంది, అది నొక్కాలంటే లాగిన్ అవ్వాలి, నొక్కితే వెళ్లేది మళ్లీ ఒకే మెయిల్‌కి. మేం దాన్ని ఇద్దరికి వెళ్లేలా మార్చుకున్నాం, ఆ ఇద్దరిలో ఒకరు మా గ్రూప్ పనుల్లో లేని మనిషి. లాగిన్ లేకుండా కూడా పంపేలా చేయమని అడిగితే అదీ చేశారు.

ఇంకా పిల్లలకి అర్థమయ్యేలా ఒక పేజీ రాసుకున్నాం. ఎవరైనా నీ ప్రైవేట్ ఫొటో ఉందని బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు, వాళ్ల మెసేజీలు చెరిపేయొద్దు, మాకు గానీ ఇంట్లో గానీ వెంటనే చెప్పు, తప్పు నీది కాదు. పెద్దవాళ్లకి విడిగా: అలాంటి ఫొటో మీ దాకా వస్తే సాక్ష్యం కోసమని కూడా సేవ్ చేయొద్దు, స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. సాయం చేద్దామని చేసినా చాలా దేశాల్లో అది నేరం కిందికి వస్తుంది, ఆ పిల్లకి ఇంకోసారి గాయం చేసినట్టూ అవుతుంది. అకౌంట్ పేరు, లింకు, టైమ్ కాగితం మీద రాసుకుని పోలీసులకి చెప్పండి. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సర్వీసు గురించి కూడా అందులో రాశాం. అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎమ్‌ఈసీ అనే సంస్థ దాన్ని నడుపుతుంది. ఫొటో తీసినప్పుడు 18 లోపు ఉన్నవాళ్ల కోసం అది. పిల్లలు భయపడేది ‘మళ్లీ ఆ ఫొటో ఇంకెవరికో పంపాలా’ అని. పంపక్కర్లేదు. ఫొటో మన ఫోన్‌లోనే ఉంటుంది, దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన సైట్లు ఆ కోడ్‌తో పోల్చి చూసి తీసేస్తాయి. ఈ పేజీ పెట్టిన నెలలో ఇద్దరు పిల్లలు వేరే వేరే విషయాలు మాతో మాట్లాడటానికి వచ్చారు. ఏం విషయాలన్నది ఇక్కడ రాయను.

సపోర్ట్ టీమ్‌కి మూడున్నర ఎందుకిచ్చానంటే, వాళ్లు వాదించరు. మేం ఏది చూపించినా ‘పరీక్షించి చూశాం, మీరు చెప్పింది నిజమే’ అని ఒప్పుకున్నారు, ఆ మాట చాలామంది చెప్పరు. కానీ మేం చెప్పేదాకా ఎందుకు ఆగాలి? బ్రిటన్‌లో పిల్లల డేటా కోసం ఒక కోడ్ ఉంది, 15 ప్రమాణాలు, 2020 సెప్టెంబర్‌లో అమల్లోకొచ్చి సర్దుకోవడానికి ఏడాది టైమ్ ఇచ్చారు. అందులో ముఖ్యమైన మాట ఇదే: పిల్లలు వాడే సర్వీసులో సెట్టింగులు డిఫాల్ట్‌గానే గట్టిగా ఉండాలి, లొకేషన్ డిఫాల్ట్‌గా ఆపి ఉండాలి, పాలసీ పిల్లల వయసుకి అర్థమయ్యే భాషలో ఉండాలి. యూత్ గ్రూపుల కోసమే తయారు చేశామని చెప్పుకునే సర్వీసులో మెసేజీలు తెరిచి, టిక్కు పెట్టి, లింకులు బార్లా వదిలి ఇవ్వడం నేను ఒప్పుకోలేను. నాలాంటి వాలంటీర్ పట్టుబట్టి వెతికితే దొరికింది, వెతకడానికి తీరికలేని గ్రూప్ సంగతేంటి?

భాష విషయంలో ఒక మంచి పని మా పిల్లలే చేశారు. పద్నాలుగు పేజీల ప్యాక్‌ని ఎనిమిది మంది పిల్లలకిచ్చి రెండు మీటింగుల్లో చదివించాం, అర్థం కాని చోటల్లా గీత పెట్టమన్నాం. గీతలతో నిండిపోయింది. తర్వాత వాళ్లే ఒక పేజీలో రాశారు. అందులో మొదటి వాక్యం, ‘నా ఫొటో తీసేయమంటే ఎందుకని అడగరు, తీసేశాక నాకు చూపిస్తారు.’ రాసింది ఫొటో లింకు పంపిన అమ్మాయే. ఆ పేజీని సర్వీసు వాళ్లకి పంపితే, పిల్లలు ఒప్పుకుంటే అందరికీ ఇచ్చే ప్యాక్‌లో చేర్చుకుంటామని అడిగారు. పిల్లలు ఒప్పుకున్నారు, తమ పేర్లు వేయొద్దన్న షరతుతో.

రెన్యూవల్‌కి ఇంకా రెండు నెలలుంది. పోయిన వారం మళ్లీ లాగౌట్ చేసి గ్యాలరీ లింకులు తెరిచి చూశా. పెద్ద ఫొటోలకి ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది, చిన్న సైజు కాపీలు మాత్రం ఇంకా అలాగే తెరుచుకుంటున్నాయి. చిన్నవే అయినా ముఖం గుర్తుపట్టొచ్చు. అందుకని గ్యాలరీలోంచి పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలన్నీ తీసి పెట్టాం, ఇప్పుడక్కడ చెట్లు, టెంట్లు, వెనక నుంచి తీసిన ఫొటోలే ఉన్నాయి. ఆ టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. అది సరిచేసిన రోజు ఇక్కడికే వచ్చి నాలుగో స్టార్ ఇస్తా, రెన్యూవల్ నాటికి కూడా కాకపోతే సైట్ ఉంచుకుని ఫొటోలు మాత్రం వాళ్ల దగ్గర్నుంచి పూర్తిగా తీసేస్తాం.